చెంపదెబ్బ చప్పుడు

పెద్దవాళ్ళు చూసే ఆ కార్టూన్‌లో తండ్రి తల్లిని పెనంతో బాదుతాడు, తల్లి అతన్ని మేడ మీంచి తోసేస్తుంది. ఆ చప్పుళ్ళన్నీ స్టూడియోలో చేసేది ఒకామె. తడి తువ్వాలు గోడకేసి కొడితే వీపు మోగుతుంది, క్యారట్ విరిస్తే ఎముక విరుగుతుంది. చెంపదెబ్బ మాత్రం ఎన్ని రకాలుగా చేసినా డైరెక్టరుకు నచ్చలేదు.

ఇంట్లో క్యారట్లు విరుస్తూ ఫోన్‌లో రికార్డు చేస్తుంటే భర్త వచ్చి కూర రుచి చూశాడు. ఉప్పెక్కువైందట. లాగి ఒక్కటిచ్చాడు. అదీ రికార్డయింది.

మర్నాడు అది విని, "దెబ్బంటే ఇదమ్మా" అన్నాడు డైరెక్టరు. ఎలా చేశావని అడగలేదు.

ఆదివారం పొద్దున భర్త పాపను పక్కన కూర్చోబెట్టుకుని, పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతూ ఆ కార్టూన్ చూశాడు. "ఏం సంసారమే వీళ్ళది. ఎంత తన్నుకున్నా చివరికి అందరూ ఒకే సోఫాలో చేరతారు."

చెంపదెబ్బ పేలింది. తన చేతి మోత అతనికే తెలియలేదు, ఇంకా గట్టిగా నవ్వాడు. అంతదాకా పెనం దెబ్బలకు కిలకిలలాడిన పాప మాత్రం రెండు చేతులూ తల మీద పెట్టుకుని బల్ల కిందకు దూరింది.

టీవీలో తల్లి లేచి, ఒళ్ళు దులుపుకుని, మొగుడి పక్కన కూర్చుంది. ఇంట్లో తల్లి పాప చెప్పులు వెతకసాగింది.