పేరు పెట్టి పిలవడం

ఏటి రాయి చల్లగా ఉంది. పొద్దుటి నుంచి ఒడిలో పెట్టుకున్నా వెచ్చబడలేదు.

రాయి మీద భర్త పేరు చెక్కి ఉంది. ఉపోల్‌కు చదవడం వచ్చు. పైకి అనడమే చేతకాదు.

కాపురానికి వచ్చిన కోడలు మెట్టినింటి మగవాళ్ళ పేర్లు ఎత్తకూడదు — మామగారిదీ, బావగారిదీ, కట్టుకున్నవాడిదీ. పిల్లలుంటే ఫలానావాడి నాన్న అనేది. పిల్లలు లేరు. 'ఇదిగో, మిమ్మల్నే' అంటూనే కాపురమంతా గడిచిపోయింది... ఆయనా పోయాడు.

ఏరు పొంగిన ఏడు ఊరు ఊరంతా అషార్‌కు కదిలింది. అషార్ అంటే కూలీ అడగకుండా ఊరంతా కలిసి చేసే పని. పూటకింత తిండి, అంతే. నడుముల్లోతు మంచునీళ్ళలో నిలబడి కట్ట వేశారు. రోజూ తెల్లవారగానే ఊరి పెద్దాయన మామిర్‌కుల్ పేర్లు పిలిచేవాడు. 'ఉన్నా!' అని ఒక్కొక్కరూ పలికేవారు.

ఇప్పుడు ఆ కట్ట మీద నడకబాట వేస్తున్నారు. ఆనాడు చెయ్యి వేసిన ప్రతి మనిషికీ ఒక రాయి. ఇంటివాళ్ళు పేరు పెట్టి పిలవాలి. జనమంతా 'ఉన్నాడు!' అనాలి. అప్పుడు రాయి దిగుతుంది.

ఉన్నాడు... ఉన్నాడు... ఉన్నాడు...

ఆమె వంతు వచ్చింది.

రాయి మీది అక్షరాలను వేలితో తడిమింది.

"పిలవవే! మనత్త లేచొచ్చి తిడుతుందనా? కొత్త పెళ్ళికూతురు సిగ్గుపడుతోందమ్మా!" తోడికోడలు బాత్మాకన్ మోచేత్తో పొడిచింది.

"మా... మా ఇంటాయన," అంది ఉపోల్.

జనం నవ్వారు. ప్రేమగానే నవ్వారు. అదే ఆమెకు మరీ కష్టంగా తోచింది.

"నన్ను పిలవమంటావా కోడలా?" అన్నాడు మామిర్‌కుల్.

"వద్దు మామయ్యా. నేనే పిలుస్తా. కాస్త ఆగండి."

ఆగారు. ఎంతసేపని ఆగుతారు? అవతల పెద్ద మూకుడులో పలావు చల్లారిపోతోంది. చివరికి మామిర్‌కుల్ రాయి అందుకుని, గుంటలో దించి, చుట్టూ మట్టి అదిమాడు.

బాట మొత్తంలో పిలుపు లేకుండా దిగిన రాయి అదొక్కటే.

అంతమందిలో ఆయన్ను లేనివాణ్ణి చేసింది తనే. ఉపోల్‌కు అన్నం సహించలేదు.

పొద్దు వాలింది. జనం ఇళ్ళకు పోయారు. ఆమె వెనక్కి వచ్చి, రాయి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, దొంగలా అటూ ఇటూ చూసింది.

"సగినాలీ..."

మొట్టమొదటిసారి. తన నోట్లో ఆ పేరు ఎంత కొత్తగా ఉందో — ఎవరో పరాయి మగవాణ్ణి పిలిచినట్టు.

మళ్ళీ పిలిచింది. ఈసారి గట్టిగా.

'ఉన్నాడు' అనడానికి కట్ట మీద ఒక్కరూ లేరు. ఆ మాట తనే అనేయొచ్చు. అనలేదు.

లేచి నిలబడింది. ఇంటికి పోలేదు, అక్కడే ఆగింది.

ఆయనెప్పుడూ అంతే — ఒకటి రెండు పిలుపులకు పలికే మనిషి కాదు.