దసరా నాడు ఆగిన గాలి

స్నానం చేసి వచ్చిన సింధూజ గుమ్మంలోనే ఆగిపోయింది. వారంగా పగలూ రాత్రీ నడుస్తున్న కంప్యూటర్ చప్పుడు లేకుండా పడుంది. దానికి పసుపు, కుంకుమ, బంతిపూల దండ! ముందు నిమ్మకాయ పెట్టి నానమ్మ వెంకటవ్వ దండం పెడుతోంది.

"అవ్వా! ఎందుకు బంద్ చేసినవే?"

"ఇయ్యాల దసరా గదా బిడ్డా. పనిముట్టుకు ఒక్కరోజన్న ఆరామ్ ఇయ్యాలె."

కారు ఇంజన్ సిలిండర్‌లోకి దూసుకెళ్లిన గాలి ఎట్లా సుళ్లు తిరుగుతుందో, ఎక్కడ చెదిరిపోతుందో లెక్కగట్టే పని అది. రేపు సాయంత్రానికి ఫలితం యూనివర్సిటీ సార్లకు చూపించకపోతే పరిశోధన ఫెలోషిప్ గోవిందా! "కొంప ముంచినవ్ గదనే!" అని అరిచేసింది సింధూజ.

ముసలామె ముఖం చిన్నబోయింది. "మీ బాపు పోయినంక సాంచెలు తుక్కుకు అమ్మేస్తిమి. అప్పటిసంది దసరాకు బొట్టు పెడదామంటే ఇంట్ల మిషనే లేకపాయె. ఇన్నొద్దులకు ఒకటొచ్చిందని సంబురపడ్డ."

సింధూజకు సూరత్ పక్క పల్సానాలోని సాంచెల షెడ్డు కళ్లముందు మెదిలింది. సూరత్ అంతా మగ్గాల మోతతో టపటపలాడినా సరే, దసరా పొద్దున బాపు గణపతి తన మరమగ్గాలన్నీ ఆపేసేవాడు. చెవులు చిల్లులు పడే ఆ చోట ఎంత హాయిగా ఉండేదో! రేకుల సందులోంచి పడే ఎండలో నూలు నుసి తేలుతుంటే, బాపు బుగ్గలు పూరించి ఉఫ్‌మని ఊదేవాడు. అది గిర్రున తిరిగేది. చిన్నారి సింధూజ చప్పట్లు కొట్టేది, దీపం పెడుతున్న అవ్వ నవ్వేది. ఆ ఆటే తనను ఈ గాలి లెక్కల చదువులోకి లాక్కొచ్చిందని బాపుకు ఏనాడూ చెప్పలేదు. ఇప్పుడు చెబుదామన్నా ఆయనేడీ?

"అరిచిన, ఏమనుకోకే," అంటూ పక్కన చతికిలబడింది. "నిన్న రాత్రి దాకా అయిన లెక్క సేవ్ అయ్యి పదిలంగనే ఉన్నది. ఇప్పుడే షురూ చేస్తే రేపటికి అందుతది. కానీ నీ పూజ..."

వెంకటవ్వ హారతి కళ్లకద్దుకుని లేచింది. "యాడుంది దీని బటన్?"

"ఇయ్యాల నడిపియ్యద్దంటివి గదా!"

"మీ బాపు ఒక్క దసరాకు గూడ సాంచె నడవనియ్యలే. వాని బిడ్డ కోసమైతే నడవనీ. వాడేం అనడు."

తానే వేలితో నొక్కింది. ఫ్యాన్ గుయ్‌మంది. సింధూజ లెక్కను మళ్లీ నడిపించాక తెరమీద గాలి మెల్లగా సుడి తిరగసాగింది. వెంకటవ్వ వంగి, కళ్లు చిట్లించి చాలాసేపు చూసింది.

"మీ బాపు ఊదినట్టే ఉన్నదే," అంది.

సింధూజ ఇక ఆపుకోలేక నానమ్మ నడుం చుట్టేసి ఏడ్చేసింది.