పిప్పి బెల్టుకు రాయని మెట్టు

నీలవేణి చక్కెర ఫ్యాక్టరీలో చెరకు పిప్పి మోసే బెల్టు పక్కనే నడుస్తోంది, నడిచేకొద్దీ బెల్టు బస్టాండు అరుగైపోతోంది, ఆ అరుగు చివర పైడిరాజు బాబాయ్ టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. ఆయన పోయి నాలుగు నెలలు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, అయినా తువ్వాలుతో అరుగు దులిపి చోటిస్తున్నాడు. ఒళ్లు హూనమై ఉందేమో, ఆమె అక్కడే కూలబడుతుంది.

నలభై ఏళ్లు పాతకాలపు రిలే స్విచ్చుల ప్యానెళ్లతో కుస్తీ పట్టిన ఎలక్ట్రీషియన్ ఆయన. మెషిన్లకు ప్రోగ్రాములు రాసే ఇంజనీరు ఈమె. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా బటన్ నొక్కలేక చస్తున్నామని ఆపరేటర్లు గోల పెడితే, బెల్టుకు లాచ్ కాయిల్ పెట్టింది. అదొకసారి ఆన్ అయిందా, ప్రోగ్రాములో మెట్టు అనే వరసల్లో అన్‌లాచ్ మెట్టు వచ్చి దాన్ని దింపేదాకా కరెంటు పోయినా దిగదు, తిరిగి రాగానే బెల్టు దానంతటదే కదులుతుంది. స్టాప్ బటన్‌కు ఆ మెట్టు రాసింది. కరెంటు పోవడానికి మాత్రం రాయలేదు.

"రిలే అయితే కరెంటు పోగానే పడిపోద్దమ్మా, నీది పడదు. దానికీ ఓ మెట్టు రాసెయ్" అని ఆయన ఆరోజే చెప్పాడు. రేపు రాస్తాలే బాబాయ్ అంది. ఆ సాయంత్రమే కరెంటు పోయింది, పోయింది కదా అని రోలర్లలో ఇరుక్కున్న పిప్పి లాగడానికి ఆయన దిగాడు, కరెంటు వచ్చింది.

బస్సులు వస్తున్నాయి. బోర్డుల మీద ఊళ్ల పేర్లు లేవు, ఆమె రాసిన మెట్లే ఉన్నాయి. ఆయన జేబులు తడుముకుని ఎర్ర తాళం తీసి ఆమె చేతిలో పెడతాడు. మెషిన్లోకి దిగేవాళ్లు మెయిన్ స్విచ్‌కు ఎవరి తాళం వాళ్లు వేసి, చెవి జేబులో వేసుకుని మరీ దిగాలి. రెండు నిమిషాల పనికి ప్యానెల్ రూము దాకా ఎవడెళ్తాడులే అనుకున్నానని ఒప్పుకుంటాడు.

"సగం తప్పు నాదే. మిగతా సగం ఎవులిదని రాసినారేటి?"

"మొత్తం నీదేనన్నారు బాబాయ్. విచారణవాళ్లు వచ్చేలోపు ఆ మెట్టు రాసేశాను. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు."

ఆయనకు కోపం రాదు. అదే ఆమె ప్రాణం తోడేస్తోంది, ఏడుద్దామన్నా ఓపిక లేదు.

"మా కూతురు గౌరి, వాళ్ల నాన్న ఒట్టి నిర్లక్ష్యపు మనిషి అనుకుంతంది" అంటాడు గ్లాసులోకి చూస్తూ. "దానికి సెప్తావా అమ్మా?"

ఆమె నోరు తెరిచేలోగా డ్రైవరు లేని బస్సు కదులుతుంది, ఆయన కూర్చున్న వైపు అరుగూ కదులుతుంది, అలాగే కూర్చుని దూరమైపోతాడు.

మెలకువ వచ్చింది. పొద్దున షిఫ్టు దిగి వచ్చి పడుకున్న గది, కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ. కరెంటు పోయి ఎంతసేపైందో, దిండు చెమటకు తడిసింది. లేచి కూర్చోబోతుండగా కరెంటు వచ్చింది. స్విచ్ ఎవరూ ముట్టకుండానే పైన ఫ్యాన్ తిరగడం మొదలుపెట్టింది.

నీలవేణి కాసేపు దాన్నే చూసింది. తర్వాత లేచి స్విచ్ కట్టేసి, ఆ ఉక్కలోనే కూర్చుని గౌరికి ఫోన్ చేసింది.