ఏమండీ అన్న ప్రార్థన

"చర్చి ఊడ్చుకో, చాపలు పరుచుకో, నేనేం వద్దన్లా. నోరు మాత్రం తెరవమాక," అన్నాడు ఆనంద్, గుండీలు పెట్టుకుంటూ. ఆ తెల్లచొక్కా ఉతికి ఇస్త్రీ చేసింది పెళ్ళాం సలోమి. రాజుపాలెం చర్చిలో ఆదివారం కీబోర్డు వాయించే అతని వేళ్ళను అందరూ మెచ్చుకుంటారు. చొక్కా సంగతి ఎవరికి కావాలి!

నోరు తెరవొద్దనడానికి కారణముంది. పోయిన క్రిస్మస్‌కి ముందు పాస్టరమ్మగారు, "సలోమీ, ఈ వారం నువ్వు ప్రార్థించమ్మా" అన్నారు. నలుగురిలో ప్రార్థించడం ఆమెకదే మొదలు. కొంగు తలమీదికి లాక్కుంది, కళ్ళు మూసుకుంది, చేతులు గట్టిగా జోడించి, "ఏమండీ..." అంది. అయ్యో రాత! పరలోకపు తండ్రిని పిలవబోయి మొగుణ్ణి పిలిచినట్టు పిలిచింది. చర్చంతా గొల్లున నవ్వింది. ఆమేన్ కూడా అనకుండా కూలబడిపోయింది.

"దేవుణ్ణి పట్టుకుని ఏమండీ ఏందే? నా పరువంతా తీశావు గదే," అన్నాడు ఆనంద్ ఇంటికి రాగానే.

ఎందుకొచ్చింది ఆ మాట? గిన్నెలు తోముతూ ఎన్నిసార్లు ఆలోచించిందో. గ్యాసు అయిపోయినా, పిల్లకు జ్వరమొచ్చినా, పుట్టింటికి పోవాలన్నా ముందు ఆ మాటే. అతని మొహం చూసి, మంచి వేళ కనిపెట్టి అనాలి. "ఏందే నీ గోల" అని కసురుతాడని తెలిసీ అనాలి. అడగడమంటే ఆమె నోటికి అదొక్కటే తెలుసు. అప్పట్నుంచి ప్రార్థన వేళకు చెప్పులు సర్దే నెపంతో బయటికి జారుకునేది. దేవుడు కూడా నవ్వే ఉంటాడని కుమిలిపోయేది.

ఈ ఆదివారం అలా జారుకోబోతుంటే గుమ్మంలో హన్నమ్మ చెయ్యి పట్టుకుంది. చర్చిలో అందరికంటే పెద్దావిడ, ఎవరికీ జంకదు.

"ఎన్నాళ్ళు దాక్కుంటావే?"

"నాకు రాదు పెద్దమ్మా. ఆయన్ని తలుచుకుంటే నోరు పెగలదు."

"ఏ ఆయన్ని? ఆనంద్‌నా, దేవుణ్ణా?"

సలోమి చెప్పులు సర్దడానికి వంగబోయింది. హన్నమ్మ చెయ్యి వదల్లేదు.

"ఆ రోజు అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. మీ పెదనాన్నని బతికున్నన్నాళ్ళూ మీరు మీరు అనే అన్నా, అయినా చెయ్యి లేచేది. దేవుణ్ణి నువ్వంటా. ఒక్కనాడూ చెయ్యెత్తలా. పోవే, నువ్వని పిలిచి చూడు."

నిజమే కదా! చిన్నప్పట్నుంచీ పాటల్లో, ప్రార్థనల్లో దేవుణ్ణి 'నువ్వు' అనే కదా పిలిచింది! ఇంట్లో భయానికి అలవాటుపడి ఆ చనువునే మర్చిపోయింది. సలోమికి కళ్ళు చెమర్చాయి.

"సోదరీమణుల్లో ఎవరైనా ప్రార్థించండి," అన్నారు పాస్టరమ్మగారు. సలోమి లేచింది. కీబోర్డు దగ్గర్నుంచి ఆనంద్ కళ్ళెర్రజేశాడు. ఆమె కళ్ళు మూసుకుంది.

"నాయనా, నువ్వు నవ్వలేదు. నాకు ఇప్పుడు తెలిసింది. భయపడి దాక్కున్నాను, చానా అలిసిపోయాను. అయినా నన్ను వదల్లేదు నువ్వు. నీకు స్తోత్రం..."

ఇక మాటలు ఆగలేదు. ఆనంద్ ఉద్యోగం కోసమో, పిల్ల చదువు కోసమో కాదు, మొదటిసారి తన కోసం అడిగింది. భయం తీసెయ్యమంది. ఆమేన్ అనేసరికి చాపల మీది ఆడవాళ్ళంతా గట్టిగా ఆమేన్ అన్నారు. ఎంత హాయిగా ఉందో! దారంతా స్తోత్రం, స్తోత్రం అనుకుంటూనే నడిచింది.

ఇంటికి రాగానే ఆనంద్ అడ్డంగా నిలబడ్డాడు. "ఎవర్నడిగి లేచావే?"

"అడగాల్సినాయన్నే అడిగా," అంది సలోమి. "కూర్చోమన్లేదు."