కొండ మూసే రోజు

కొండ తెరిచిన రెండో రోజే కుక్కలు మగజింకను చంపాయి.

చింతామణి నుంచి బాగేపల్లి వైపు పోయే దారిలో, గుండ్ల కొండ కింద ఉన్న ఆ ఊరికి ఒక కట్టుబాటు ఉంది. చైత్ర పున్నమికి ముందు ఐదు రోజులు, తర్వాత ఐదు రోజులు కొండమీదికి మేకలు, గొడ్డళ్లు, కుక్కలు పోకూడదు. చుక్కల జింకలు జతకట్టే కాలమని దానికి కారణం. కొండ మూసే రోజు వెంకటరాయప్ప చెబుతాడు. అంతకు ముందు అతని తండ్రి చెప్పేవాడు. దానికి కాగితం లేదు, ముద్ర లేదు. ఆ ఇంటి మాటే ఆధారం.

చచ్చిన జింక పక్కన వెంకటరాయప్ప గొంతుక్కూర్చున్నాడు. శిడ్లఘట్ట నుంచి వచ్చి రెండేళ్లుగా ఇక్కడ అటవీశాఖ గార్డుగా పనిచేస్తున్న అంబిక దాని తల ఎత్తి చూస్తోంది.

"పాపం. అయినా కాలం దాటినాక పోయిందిలేమ్మా," అన్నాడతను.

"దాటలేదప్పా. కొమ్ముల మీది తోలు ఇప్పుడిప్పుడే రాలిండాది. మెడ చూడు, ఎద్దు మెడ మాదిరి బలిసిండాది. దీని కాలం ఇంకా మొదలే కాలేదు."

"పున్నమి పోయి ఏడు దినాలాయె కదమ్మా!"

"దానికి పంచాంగం ఎవరు చదివి చెప్పిరప్పా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వెంకటరాయప్ప నవ్వలేదు.

మధ్యాహ్నం ఆమెను ఇంటికి పిలిచి ట్రంకు పెట్టె తెరిచాడు. ముప్పై ఒక్క పంచాంగాలు. ఏటేటా మగజింక అరుపు మొదట విన్న రోజు చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది. అన్ని సున్నాలూ పున్నమికి రెండు మూడు రోజుల లోపలే.

"చూడు. ఒక్కటన్నా తప్పిండాదా?"

అంబిక ఒక్కొక్కటీ ఓపికగా తిరగేసింది. "చలి దేశాల్లో పగటి పొడుగు మారేదాన్ని బట్టి జింకలు జతకడతాయంట. మన తావ పగలు అంతగా మారదు కదా. వాన, మేత, ఒంట్లో సత్తువ, ఇవే ముఖ్యమంటారు. అందులోనూ ఒక్కో పోతుకు కొమ్ము ఒక్కో నెలలో గట్టిపడతాది. చంద్రుడి సంగతి నాకు తెలిసి ఎవరూ గట్టిగా తేల్చలేదు. కానీ ఇంత చక్కగా ఉండాయంటే నాకే నమ్మబుద్ధి అయితాండాదప్పా."

ఆమె వెళ్లిపోయింది. గెలిచినవాడు తానే. కానీ ఆ 'చక్కగా' అన్న మాట అతన్ని కూర్చోనివ్వలేదు. చైత్ర పున్నమి ఒక ఏడు ముందుకు, ఒక ఏడు వెనక్కు జరుగుతుంది. వానలు దాన్ని చూసుకొని రావు. చిగురు దాన్ని చూసుకొని వేయదు. మరి జింక అరుపు మాత్రం ఒక్క ఏడైనా పున్నమిని తప్పలేదెందుకు?

అతను జింకల గురించి ఆలోచించడం మానేసి, తన గురించి ఆలోచించాడు. దీపం పట్టుకొని పోతే జింకలు బెదురుతాయని తండ్రి చెప్పాడు. తెల్లవారకముందే దీపం లేకుండా ఆ గుండ్ల దారి ఎక్కాలంటే వెన్నెల కావాలి. అందుకే తండ్రి వెన్నెల రోజుల్లోనే ఎక్కాడు. అతనూ అంతే. చీకటి రోజుల్లో అరుపు వినలేదన్నది నిజం. చీకటి రోజుల్లో వినడానికి పోలేదన్నదీ నిజమే. ఈ రెంటినీ ముప్పై ఒక్క ఏళ్లు అతను ఒకే నిజమనుకున్నాడు.

పెట్టె మూసేస్తే అడిగేవారు లేరు. అంబికే నమ్మింది. అతను పెట్టె మూయలేదు.

మరునాడు తెల్లవారుతుండగా చేతికర్ర తీసుకున్నాడు.

"మెట్టు దిగాలంటే మోకాలు పట్టుకుంటావు, గుండ్లెక్కుతావా?" అంది భార్య జయలక్ష్మమ్మ. "పున్నమి పోయిందని నువ్వే అంటివే!"

"అందుకే ఎక్కుతాండా."

నాలుగు ఉదయాలు ఏమీ వినిపించలేదు. ఊరట కలిగింది. ఊరట కలిగినందుకు సిగ్గు కలిగింది. ఐదోనాడు వాన పడింది. అమావాస్యనాటి ఉదయం మసక వెలుతురులో కర్రతో తడుముకుంటూ ఎక్కాక పొదల్లోంచి బొంగురుగా, పొడుగ్గా అరుపు లేచింది. అవతలి వాలు నుంచి మరొక పోతు బదులిచ్చింది. అది ఇంకేదైనా అయితే బాగుండునని అతను ఆశపడ్డాడు. కాదు. ఆ మరునాడూ వినిపించింది, ఆ తర్వాతి రోజూ వినిపించింది.

కొత్త పంచాంగంలో అమావాస్య చుట్టూ ఎర్ర సున్నా చుట్టాడు.

ఉదయం పాలు పోయడానికి ఊరంతా డెయిరీ ముందు చేరే వేళకు అక్కడికి వెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. కొండను మళ్లీ మూయాలన్నాడు.

మేకలున్న తిమ్మరాయప్ప పాల క్యాను దించి ముందుకొచ్చాడు. "ముప్పై ఒక్క ఏండ్లు మా మేకల్ని కట్టేయించి, ఇప్పుడు తప్పైపాయ అంటావా?"

"అవును."

వరసకు కోడలయ్యే మునిరత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పున్నమికే ఎక్కితే పున్నమికే వినపడతాది మామా! మా ఇంటాయన గురక నాకు నిద్ర పట్టనప్పుడే వినపడతాది. నేను పండుకున్నాక ఆయన గురక పెట్టడా?"

అందరూ పగలబడి నవ్వారు. ఒప్పుకోవడానికి తనకు పది రోజులు పట్టిన మాట ఆమె నోట్లోంచి అంత సులువుగా రావడం చూసి వెంకటరాయప్ప కూడా నవ్వాడు.

"ఎన్ని దినాలు మూయల్ల?" తిమ్మరాయప్ప వదల్లేదు.

"తెలీదప్పా."

ఆ మాట ఆ ఊరిలో ఆ ఇంటి మనిషి నోట ఎవరూ వినలేదు.

"ఇంక మూసే రోజు నేను చెప్పను," అన్నాడు వెంకటరాయప్ప. "దినానికి ఒక ఇల్లు. వంతు వచ్చినోళ్లు తెల్లారేటప్పుడు కొండెక్కి వినండి. వరసగా మూడు దినాలు వినపడితే మూయండి. మూడు దినాలు వినపడకుంటే తెరవండి. వెన్నెల ఉంటే ఉండనీ, లేకుంటే పోనీ."

"అంటే ఇంక నీ మాట లేనట్టేనా?"

"లేనట్టే."

"మేకలు యాడ మేయల్ల?"

"నా మామిడితోపులో గడ్డి ఉండాది. ఆడికి తోలండి."

"చెట్లు కొరికితే?"

"కొరకనీ."

తిమ్మరాయప్ప క్యాను ఎత్తుకొని వరసలో నిలబడ్డాడు. అదే అతని ఒప్పుకోలు.

మొదటి వంతు మునిరత్నమ్మకు వచ్చింది. ఇంట్లో ఉండలేక వెంకటరాయప్ప కూడా వెనకాలే ఎక్కి, ఆమెకు నాలుగు బారల దూరంలో కూర్చున్నాడు. చలికి కొంగు చెవులకు చుట్టుకొని ఆమె ఎటో చూస్తోంది. పొదల్లోంచి అరుపు వచ్చింది. మాట అతని నాలుక చివరికి వచ్చింది. పెదవులు బిగించాడు.

అరుపు మళ్లీ వచ్చింది. ఆమె తల తిప్పింది. "మామా, ఇదేనా?"

అతను తన మోకాళ్ల వంక చూసుకున్నాడు.

"నోట్లో ఏం పెట్టుకున్నావు? చెప్పు!"

"వంతు నీది."

"ముసలోడికి ఎంత బిర్రు!" అని గొణిగి, చెవుల మీది కొంగు లాగేసి, పొదల వైపు వంగింది. చాలాసేపు వంగే ఉంది. మూడోసారి అరుపు వచ్చినప్పుడు అతని వంక చూడలేదు. లేచి, చీర కుచ్చిళ్లు ఎగదోపుకొని, ఊరికి చెప్పడానికి గబగబా దిగిపోయింది.

అతను కర్ర ఊతంగా, ఒక్కొక్క గుండే చూసుకుంటూ దిగడం మొదలుపెట్టాడు.