పైకెక్కే నెత్తురు

...కాదట, నా కాళ్ల మీద ఉబ్బి మెలికలు తిరిగినవి నరాలు కావట, సిరలట. నెత్తుటిని తిరిగి గుండెకు చేర్చే గొట్టాలట. నిన్న మా అమ్మాయి ఉష తన పదో తరగతి పుస్తకం నా ముందు తెరిచినప్పటి నుంచి మనసు అక్కడే తిరుగుతోంది. ఇంట్లోని మగ్గాలకు నూలు కండెలు చుట్టే మిషన్ ముందు నిలబడి తెగిన పోగు ముడి వేస్తున్నాను కానీ, చూస్తున్నది నా లోపలికి. గుండె నెత్తుటిని తోస్తుంది, ఆ చప్పుడు డాక్టర్లు గొట్టం పెట్టి మరీ వింటారు. దాన్ని మళ్లీ పైకి మోసే సిరలకు చప్పుడే లేదు. చీలమండ నుంచి తొడ మొదలు దాకా ఒక పొడవాటి సిర. అది లోపలి పెద్ద సిరలో కలుస్తుంది. కడుపులో, వెన్నెముక పక్కన, బొటనవేలంత లావు మహాసిర గుండె దాకా ఎక్కుతుంది. తల, చేతుల నెత్తురును పైనుంచి ఇంకో మహాసిర దించుతుంది. అడుగు వేసినప్పుడల్లా పిక్క పిండుతుంది, నెత్తురు ఓ మెట్టెక్కుతుంది, జారిపోకుండా వెనకే చిన్న తలుపు మూసుకుంటుంది. నేను నిద్రపోయినా, ఏడ్చినా, నన్ను నేనే మరిచిపోయినా ఈ పని ఆగలేదు. ఇంత గొప్పదాన్ని ఒంట్లో పెట్టుకొని ఇన్నేళ్లూ సిగ్గుపడ్డాను.

"కాళ్లమీద సోలాపూర్ నక్ష గీసుకున్నవేందే? ఇందుల హోట్గి రోడ్ యాడుంది?" అన్నాడు ఓసారి మా ఆయన అంబాదాస్. నా కాళ్లలో మా ఊరి పటం వెతుకుతూ ఇంటిల్లిపాదీ నవ్వారు. అలవాటు కొద్దీ నేనూ నవ్వాను.

నిలబడి నిలబడి ఆ తలుపులు వదులయ్యాయన్నాడు డాక్టర్. చీలమండ దగ్గర చర్మం నల్లబడింది, పుండు పడితే ఓ పట్టాన మానదు, రోజూ మధ్యాహ్నం కాళ్లు గుండె కన్నా ఎత్తున పెట్టి పడుకోవాలన్నాడు.

"మామ ముందట కోడలు కాళ్లు పైకి పెట్టి పంటదా? మేం నిలవడలేదా, చంద్రభాగా?" అంది అత్త సుందరాబాయి, తన చీలమండ మీది పుండుకు గుడ్డ మార్చుకుంటూ. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ గుడ్డ చూస్తున్నాను. దాని కింద ఏముందో ఇప్పుడు అర్థమవుతోంది.

మగ్గాలు దడదడలాడుతున్నాయి. గుమ్మం దగ్గర మామ పెంటప్ప టవల్స్ మడతపెడుతున్నాడు. నేను స్విచ్ ఆపాను.

"ఏమైందే? మిషన్ ఖరాబైందా?" మగ్గం దగ్గర్నుంచి అరిచాడు అంబాదాస్.

"మిషన్ మంచిగనే ఉంది. నేనే బంద్ చేసిన."

గోడ పక్కన చాప పరిచి, వెల్లకిలా పడుకొని, రెండు కాళ్లూ గోడకు ఎత్తి పెట్టాను. చీర మోకాళ్ల దాకా జారింది. సర్దుకోలేదు.