సున్న పోయిన సీసం

సీసానికీ సీసాకూ తేడా ఒక్క సున్న. ఆ సున్నను మింగింది నేను. బీఏ చదివి, ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర ఎస్టీడీ బూతు పెట్టుకుని, ఊళ్లో సగం అర్జీలు నా చేత్తోనే రాస్తానని విర్రవీగే రమాదేవిని. చదువురాని వాళ్లు చేసిన తప్పయితే నాకింత సిగ్గు ఉండేది కాదు.

అది రెండువేల ఒకటో సంవత్సరం, ఎండాకాలం. మా మహిళా సంఘంలో పన్నెండు మంది కలిసి మామిడికాయ ఊరగాయ పెట్టేవారు. మల్లీశ్వరి దానికి పెద్ద. నోరు కటువు, చెయ్యి మాత్రం అమృతం. ఉత్తరాలూ ఫోన్లూ నా పని. మా ఊరగాయ రుచి చూసిన బెంగళూరు శెట్టిగారొకాయన దాన్ని జర్మనీకి పంపిస్తానన్నాడు. గాజు సీసాల్లో పంపిన మొదటి నమూనా నచ్చిందని ఫోన్ చేసి, చివర్లో ఒక షరతు పెట్టాడు. ఆయనది కన్నడం కలిసిన తెలుగు.

“ప్యాకింగులో సీస ఉండకూడదమ్మా. అక్కడ రూలు గట్టిగా ఉంది.”

కన్నడంలో సీస అంటే సీసం, అదే లెడ్డు అని నాకేం తెలుసు? నాకు వినపడింది సీసా. మళ్లీ అడిగితే నా బీఏ ఎక్కడ చిన్నబోతుందోనని అడగలేదు. “సీసా ఉండకూడదు” అని పుస్తకంలో గుండ్రంగా రాసుకుని మల్లీశ్వరికి చదివి వినిపించాను.

“మేలే గదా. గాజు పగిలే పీడ పోతాది. కవర్లలో కడదాం,” అంది.

కవర్లంటే మాకు నంద్యాల ఖాదర్ బాషానే. అరవై దాటిన మనిషి. పాత బజారు సందులో ఇంటి ముందుగదిలోనే ప్రెస్సు. పెళ్లి పత్రికలు, విత్తనాల సంచులు, అంగళ్ల కవర్లు, అన్నీ చేత్తో వేసేవాడు. ఆయన పసుపురంగుకు జిల్లాలో పేరు. పదేళ్లు ఎండలో పెట్టినా వెలిసేది కాదు. కర్నూలు నుంచి పసుపురంగు పొడి డబ్బా తెప్పించి, నూనెలో పోసి, వేళ్లతోనే కలిపేవాడు.

“పుల్లతో కలపరాదా అన్నా?” అని ఒకసారి అడిగాను.

“పుల్లకేం తెలుస్తాదమ్మా ఉండ యాడుందో. ఏలికి తెలుస్తాది,” అన్నాడు.

కవరు నిండా పసుపు, దాని మీద ఎర్ర అక్షరాలు. మేం అడక్కుండానే అలా వేశాడు. “ఆడోళ్లు పెట్టిన ఊరగాయ గదా, పసుపూ కుంకుమా మాదిరి ఉండాల,” అన్నాడు. ఆ కవర్లు చూసి మల్లీశ్వరి కూడా మెచ్చుకుంది. ఆవిడ మెచ్చుకోవడం నేను చూసింది అదొక్కసారే.

ఆ కవర్లలో సరుకు పంపిన నెల తిరక్కుండా బూతులోని ఫ్యాక్సు మిషను రెండు కాగితాలు కక్కింది. ఒకటి జర్మనీ వాళ్ల రూలు. సరుకు కట్టే కవర్లలో, పెట్టెల్లో, వాటి మీది రంగుల్లో సీసం, కాడ్మియం, పాదరసం, ఒక రకం క్రోమియం, ఈ నాలుగూ కలిపి పది లక్షల పాళ్లలో వంద పాళ్లు మించరాదు. రెండోది మద్రాసు ల్యాబు రిపోర్టు. మా కవరు పసుపులో సీసమూ క్రోమియమూ రెండూ ఉన్నాయి, వేల పాళ్లలో. శెట్టిగారికి ఫోన్ చేశాను.

“సీస ఉండకూడదని చెప్పాను కదమ్మా. సీసాలే బాగున్నాయి, ఎందుకు మార్చారు?” అన్నాడు. సరుకు వద్దన్నాడు.

సంఘంలో మాత్రం సగమే చెప్పాను. రంగులో విషం ఉందని వెనక్కి పంపారన్నాను. మిగతా సగం దాచేశాను.

“ఆ బాషా మనల్ని నిలువునా ముంచినాడు,” అంది మల్లీశ్వరి. పన్నెండు మందీ తలా ఒక మాట అన్నారు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

ఆళ్లగడ్డలో అన్న మాట నంద్యాలకు బస్సు కంటే ముందే చేరింది. పదిరోజులకు బాషా కొడుకు అల్తాఫ్ నా బూతుకొచ్చాడు, ఫోన్ చేసుకోవడానికి. మాట్లాడి పెట్టేసి, అక్కడే నిలబడిపోయాడు.

“పెండ్లి పత్రికలోళ్లు ముగ్గురు తిరిగిపోయినారక్కా. బాషా అచ్చేసిన కాగితం ముట్టుకుంటే విషమంట. మా అబ్బా సరిగా అన్నం తింటాల్యా. నలభై ఏండ్లు నిలబెట్టుకున్న పేరు.”

వాడు నన్ను నిందించడానికి రాలేదు. వాడికి నా సంగతి తెలియదు. అదే నన్ను కోసేసింది.

మర్నాడు పొద్దున్నే సంఘంలో నిలబడి, పుస్తకం తీసి, నా గుండ్రటి అక్షరాలు చూపించి, ఉన్నదంతా చెప్పాను. మల్లీశ్వరి పుస్తకం లాక్కుని మూసేసింది.

“ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నెట్ల, ఆ ముసలాయప్పను ఇన్ని మాటలంటిమి గదే,” అంది. “ఈడ ఏడ్చి ఏం లాభం. పో, నంద్యాలకు పో. నేనన్న మాటలకు నా పేరు గూడా చెప్పు.”

వెళ్లేసరికి ప్రెస్సులో పని లేదు. బాషా గోడకానుకుని, తువ్వాలు చుట్టి పొట్టకు అదుముకుని కూర్చున్నాడు. పక్కన తాగేసిన గోలీసోడా. నేను కింద కూర్చుని మొత్తం చెప్పాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆయన నవ్వాడు.

“మా ఉర్దూలో గూడా సీసా అంటే లెడ్డే గదమ్మా. వచ్చినప్పుడు ఒక మాట నన్నడిగుంటే చెప్తాంటినే.”

“ఊరంతా చెప్తాను బాషాన్నా, నీ తప్పేం లేదని.”

“అట్ల చెప్పొద్దు. నువ్వు మాట తప్పు విన్యావ్, అది నిజం. నా రంగులో అది ఉండాది, అదీ నిజమే. నేనెరుగుదునా? డబ్బా మీద ఏమీ రాయల్యా. ఆ కాగితం తెచ్చినావా? చదువు.”

చదివాను, ఒక్కొక్క మాటకూ తెలుగు చెబుతూ. ఊరగాయ తిని పారేసిన కవరు చెత్తలో పడి, కుళ్లి, మట్టిలోకీ నీళ్లలోకీ ఆ లోహాలు దిగకూడదనే ఆ రూలు పెట్టారని చెప్పాను.

“మట్టి గురించి గూడా రాసినారే,” అన్నాడు బాషా. “మంచోళ్లు.” కుడిచేయి తిప్పి వేళ్లు చూసుకున్నాడు. గోళ్ల సందుల్లో పసుపు. అదెప్పుడూ అక్కడే ఉండేది. మేమంతా దాన్ని ఆయన పనితనం అనుకునేవాళ్లం.

“కవరుకు వంద. మరి కలిపేటోనికి ఎంతని రాసినారమ్మా?”

కాగితం తిప్పాను. మళ్లీ మొదటి నుంచి చూశాను. అప్పుడు పరదా వెనక నుంచి ఆయన భార్య నూరున్నీసా బయటికి వచ్చింది.

“కడుపునొప్పికి ఏమన్నా రాసినారా చూడు రమమ్మా. ఇరవై ఏండ్లుగా గ్యాసని సోడా తాపుతాండా. ఈ చేత్తోనే తింటాడు.”

“లేదు వదినా,” అన్నాను. “ఇది కవర్ల గురించే.”

ఆమె లోపలికి పోయింది. చెంబుతో నీళ్లు, సబ్బు తెచ్చి ఆయన ముందు కూర్చుని, ఒక్కొక్క వేలూ పట్టుకుని తోమింది. గోళ్లలోది పోలేదు.

రెండోరోజు అల్తాఫూ నేనూ బాషాను కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. నూరున్నీసా కూడా వచ్చింది. అక్కడి డాక్టరు ముందుగా ఆయన్ను ఏం పని చేస్తావని అడిగాడు. ఇరవై ఏళ్లలో ఆ మాట అడిగిన డాక్టరు ఆయనొక్కడే. రక్తం తీసి బయటికి పంపించి, రిపోర్టు వచ్చాక మళ్లీ పిలిచి, ఆ పొడి ఇక ముట్టుకోవద్దని గట్టిగా చెప్పి, మందులు రాశాడు. చీటీ పైన జబ్బు పేరు ఇంగ్లీషులో ఉంది.

“ఏందీ రాసినాడు?” అంది నూరున్నీసా. ఆమెకు తెలుగు చదవడం వచ్చు.

చీటీ మోకాలి మీద పెట్టుకుని, ఇంగ్లీషు మాట కింద తెలుగులో రాసిచ్చాను. సీసం. సున్న పెద్దదిగా పెట్టాను.